ఎప్పట్నుంచి? – ఒక పాత బుల్లెట్టు క్లచ్చు చరిత్ర

మా ప్రాంతపు పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అనీ, చూడవచ్చినవాళ్ళు హార్స్‌లీ హిల్స్ అనీ పిలిచే కొండ ఎత్తు 1265 మీటర్లు. ఆ కొండదారి మలుపుల్లో ఒకచోట, మూడేళ్ళ కిందట, మా నాన్నగారి 1974 నాటి బుల్లెట్టు నాతో మొదటిసారి అబద్ధమాడింది. యాక్సిలరేటరు తిప్పాను. ఇంజను చప్పుడు హెచ్చింది. బండి వేగం మాత్రం హెచ్చలేదు. ఇంకా తిప్పాను. చప్పుడు ఇంకా హెచ్చింది, బండి మరింత నెమ్మదించింది. మాటకూ చేతకూ పొంతన లేని మనుషులను చూశాను గాని, యంత్రంలో ఆ గుణం చూడటం నాకదే మొదలు.

మెకానిక్కుల భాషలో దీన్ని క్లచ్చు జారడం అంటారు. ఈ వ్యాసం ఆ జారుడుకు కారణం కనిపెట్టిన వైనం గురించి. అయితే ఆ కారణం వెదుకుతూ పోతే దారి మదనపల్లెలో ఆగలేదు. ఇంగ్లండు, మద్రాసు, అమెరికా, జపానుల మీదుగా తిరిగి మా ఇంటి వసారాలోకే వచ్చింది. అందుకే దీన్ని మరమ్మతు పాఠంగా గాక ఒక చరిత్ర వ్యాసంగా రాస్తున్నాను. పైగా ఇందులో నేను ఒక పెద్దమనిషి పట్ల చేసిన తప్పు ఒకటుంది. అది చెప్పకుండా మిగతాది చెప్పడం సబబు కాదు.

ముందు క్లచ్చు ఎందుకు పుట్టిందో చూద్దాం. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో చాలా మోటారు సైకిళ్ళకు క్లచ్చు లేదు. ఇంజను నుంచి వెనక చక్రానికి ఒక తోలు బెల్టు, అంతే. ఇంజను తిరిగితే చక్రం తిరగాలి. చక్రం ఆగితే ఇంజను ఆగాలి. బండి పక్కన పరుగెత్తి, ఇంజను అంటుకోగానే గెంతి ఎక్కి కూర్చోవాలి. కూడలిలో ఆగవలసివస్తే ఇంజను ఆపేసి మళ్ళీ పరుగు మొదలుపెట్టాలి. ఎత్తు ఎక్కలేకపోతే సైకిలులా పెడళ్ళు తొక్కాలి. 1907లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో తొలి టీటీ పందెం జరిగినప్పుడు పోటీలో దిగిన బళ్ళు ఎక్కువ భాగం ఈ కోవకు చెందినవే.

1911లో ఆ పందేన్ని స్నేఫెల్ పర్వతం మీదుగా పోయే దారికి మార్చారు. ఆ ఏడు సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ ‘ఇండియన్’ బళ్ళకే దక్కాయి. పేరుకు ఇండియన్ గాని, పుట్టిల్లు అమెరికాలోని మసాచుసెట్స్. వాటికి బెల్టు బదులు చైను ఉంది, రెండు గేర్లున్నాయి, క్లచ్చు ఉంది. కొండ ఎక్కడానికి బలమైన ఇంజను మాత్రమే చాలదనీ, ఆ బలాన్ని కావలసినప్పుడు కలిపి, అక్కర్లేనప్పుడు విడదీసే మధ్యవర్తి ఒకరుండాలనీ ఆ పందెం అందరికీ నేర్పింది. క్లచ్చు చేసే పని అదే. అది ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య నిలబడ్డ పెళ్ళిళ్ళ పేరయ్య. కలపడం ఎంత ముఖ్యమో, సమయానికి తప్పుకోవడమూ అంతే ముఖ్యం.

ఈ కలిపే పని రాపిడితో జరుగుతుంది. ఇక్కడ ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. 1699లో గియోమ్ ఆమోంతోన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్ అకాడమీ ముందు రాపిడి గురించి రెండు సంగతులు వివరించాడు. మొదటిది, రెండు వస్తువులను ఎంత బలంగా అదిమితే రాపిడి అంత పెరుగుతుంది. రెండవది వింతైనది: అవి తాకే వైశాల్యం పెద్దదైనా చిన్నదైనా రాపిడి మారదు. అంటే క్లచ్చు పట్టు పెంచాలంటే రేకును ఊరికే వెడల్పు చేసి ప్రయోజనం లేదు. కాని ఒక చిట్కా ఉంది. ఒకే స్ప్రింగు బలంతో ఒక జత రేకుల బదులు అయిదారు జతలను ఒకదానిమీద ఒకటి పేర్చి అదిమితే, అదే బలం ప్రతి జతలోనూ మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది. ఖర్చు లేకుండా పట్టు అన్ని రెట్లు పెరుగుతుంది. ఆమోంతోన్ తర్వాత రెండు వందల ఏళ్ళకు, మోటారు బళ్ళు వచ్చిన కొత్తలో, ఇంగ్లండులో ఆచార్య హీల్-షా ఇలా అనేక రేకులు పేర్చి నూనెలో తిరిగే క్లచ్చును తయారుచేసి పేరు పొందాడు. మోటారు సైకిలులో చోటు తక్కువ కనుక, ఈ పేర్పుడు క్లచ్చు దానికి అతికినట్టు సరిపోయింది.

మా బండి క్లచ్చు ఆ వంశంలోదే. బుల్లెట్టు అనే పేరు ఇంగ్లండులో రెడ్డిచ్ పట్టణంలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1930ల మొదట్లో పెట్టింది. ఇప్పుడు మనం పాత బుల్లెట్టు అని పిలిచే రూపం 1949లో మార్కెట్లోకి వచ్చింది. 1955లో ఆ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో కర్మాగారం వెలిసింది. మొదట్లో విడిభాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవారు; తర్వాత తర్వాత అన్నీ ఇక్కడే పోతపోయడం మొదలైంది. త్యాగరాజస్వామి త్రిపురసుందరి మీద అయిదు తెలుగు కీర్తనలు చెప్పిన తిరువొత్తియూరు ఇదే. పోతే, రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బళ్ళ తయారీయే ఆగిపోయింది. తల్లి పోయినా పిల్ల బతికింది. ఆ పిల్లే 1977లో తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి కావడం మొదలైంది. మధ్యలో ఇక్కడి ఇంజనీర్లు పాత నమూనాను పెద్దగా మార్చలేదు. కనుక 1974లో మా నాన్నగారు కొన్న బండి లోపల, కుడివైపు గేరుతో, ఎడమవైపు చైను పెట్టెతో, 1949 నాటి ఆలోచనే ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక జబ్బు సంగతి. ఇంజను శబ్దానికి తగ్గ వేగం లేకపోతే అది క్లచ్చు దోషమేనని వెంటనే తీర్మానించకూడదు. ఇంజనులోనే బలం తగ్గితే వేగమూ పెరగదు, చప్పుడూ పెరగదు. కనుక అది వేరు. గేరు ఊడిపోతే చప్పుడు ఒక్కసారిగా ఎగిరి, బండికి పట్టు పూర్తిగా పోతుంది. చైను పళ్ళమీద గెంతితే టకటకమనే మోత, కుదుపు ఉంటాయి. క్లచ్చు జారుడు వీటికి భిన్నంగా మెత్తగా, నింపాదిగా, దాదాపు మర్యాదగా జరుగుతుంది. పల్లంలో, నెమ్మదిలో ఏమీ తెలియదు. ఎత్తు ఎక్కుతూ పై గేరులో బలం అడిగినప్పుడే బయటపడుతుంది. కింది గేరులో బండి చటుక్కున వేగమందుకుంటుంది కనుక ఇంజను పూర్తి బలం క్లచ్చుమీద ఎక్కువసేపు నిలవదు. పై గేరులో, ఎత్తుమీద, అది నిమిషాల తరబడి నిలుస్తుంది. పట్టు సడలిన చెయ్యి అప్పుడే దొరికిపోతుంది.

బుల్లెట్టులో ఇంకో ఆనవాలు ఉంది. కిక్కు కొట్టినప్పుడు మన కాలి బలం గేరుపెట్టె గుండా క్లచ్చుకూ, అక్కడి నుంచి చైను మీదుగా ఇంజనుకూ చేరుతుంది. క్లచ్చు జారితే కిక్కు ఎదురు లేకుండా కిందికి దిగిపోతుంది, ఇంజను తిరగదు. ఇంట్లో పరీక్షించడానికి ఇంకా తేలిక మార్గం ఒకటుంది. ఇంజను ఆపి, పై గేరులో వేసి, క్లచ్చు పిడి పట్టుకోకుండా బండిని ముందుకు నెట్టాలి. క్లచ్చు సరిగా ఉంటే ఇంజనులోని ఒత్తిడి అడ్డుపడి బండి మొరాయిస్తుంది. జారేదైతే ఆ ఒత్తిడి దగ్గర కూడా ఆగకుండా కదిలిపోతుంది. నేను నెట్టాను. కదిలిపోయింది. రోగం ఖాయమైంది.

కారణం వెదకడం తర్వాతి మెట్టు. ఇక్కడ నేను చాలా పద్ధతిగా వెళ్ళానని అప్పట్లో గర్వపడ్డాను. క్లచ్చు పట్టు నాలుగింటి మీద ఆధారపడుతుంది: రేకుల మధ్య రాపిడి గుణం, స్ప్రింగుల బలం, తాకే ముఖాల సంఖ్య, రేకుల వ్యాసార్ధం. చివరి రెండూ రెడ్డిచ్‌లో నిర్ణయమైపోయినవి, అరిగిపోయేవి కావు. కనుక అనుమానితులు రెండే వర్గాలు. స్ప్రింగుల బలం రేకులకు అందకపోవడం ఒకటి, రాపిడి తగ్గడం రెండు.

మొదటి వర్గంలో ముందు చూడవలసింది క్లచ్చు తీగ. పిడి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అది లేకపోతే, మనం పట్టుకోకపోయినా గేరుపెట్టె గుండా పోయే సన్నటి కడ్డీ రేకులను కొంచెం విడదీసి పట్టుకునే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన వదులు ఇంజను వేడెక్కాక హరించుకుపోవచ్చు. అందుకే వేడి మీద కూడా చూడాలి. చూశాను. వదులు ఉంది. తీగ నిర్దోషి. తర్వాత స్ప్రింగులు. ఏళ్ళ తరబడి అణగి ఉన్న స్ప్రింగులు కురచబడతాయి. కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే తెలుస్తుంది. నా దగ్గర కొత్తది లేదు. అన్నీ ఒకే పొడవున్నాయి కదా అని సరిపెట్టుకున్నాను. అందరూ కలిసి ముసలివాళ్ళయితే ఎవరూ ముసలిగా కనిపించరన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మిగిలింది రాపిడి ముఖాలు. చైను పెట్టె మూత ఒకే ఒక్క నట్టు మీద నిలుస్తుంది. విప్పి రేకులు తీశాను. ఇనుప రేకుల మీద అక్కడక్కడ నీలిరంగు, అంటే వేడికి కమిలిన గుర్తు. రాపిడి రేకుల ముఖాలు అద్దంలా నిగనిగలాడుతున్నాయి. పూర్వం ఈ ముఖాలకు కార్కు ముక్కలు పొదిగేవారు. నూనెలో తడిసినా పట్టు వదలని గుణం కార్కుకు ఉంది. ఆ తర్వాత వేరే పదార్థాలు వచ్చాయి. (పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది కనుక ఆ పొడిని నోటితో ఊదకండి.) ఇంకేం, నేరస్థుడు దొరికాడనుకున్నాను. రేకులు అరిగాయి, మార్చాలి.

మా ఊళ్ళో ఒక పాత మేస్త్రీ ఉన్నారు. మా నాన్నగారి కాలం నుంచి, ముప్ఫై ఏళ్ళకు పైగా, ఈ బండికి ఆయనే వైద్యుడు. ఆయన దగ్గరే కొత్త రేకులు కొన్నాను. బిగిస్తానని ఆయన అంటే, నేనే బిగించుకుంటానని తెచ్చుకున్నాను. చదివి తెలుసుకున్న పద్ధతి నా చేతిలో ఉంది మరి. బిగించి రోడ్డెక్కితే మొదటి పది కిలోమీటర్లు బండి పులిలా పరుగెత్తింది. తర్వాత మళ్ళీ అదే జారుడు, మునుపటికంటే కొంచెం ఎక్కువ.

నా తర్కం ఇలా సాగింది. తీగ బాగుంది, స్ప్రింగులు బాగున్నాయి, రేకులు కొత్తవి. కొత్తవైనా జారుతున్నాయంటే, పైగా పది కిలోమీటర్లకే జారుతున్నాయంటే, అవి నకిలీవి. ఆ మాట నాలోనే ఉంచుకున్నా బాగుండేది. నేరుగా ఆయన కొట్టు దగ్గరికి పోయి, నలుగురు గిరాకీలున్నప్పుడు, “డూప్లికేటు సరుకు అంటగట్టారే మేస్త్రీ, మా నాన్న పోయాడనేనా?” అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశారు. ఏమీ అనలేదు. గల్లాపెట్టె తెరిచి, రేకుల డబ్బు లెక్కపెట్టి బల్లమీద పెట్టారు. ఆ డబ్బు తీసుకుని వచ్చేశాను. ఈ వాక్యం రాయడానికే నాకు మూడేళ్ళు పట్టింది.

వారం తర్వాత ఆయనే మా ఇంటికి వచ్చారు. “మీ నాయన బండి, చూడకుండా ఉండలేకపోయినా” అన్నారు. పనిముట్లు ఏమీ తేలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వసారాలో కూర్చుని, ఒక్క ప్రశ్న వేశారు.

“ఎప్పట్నుంచి జారతాంది నాయనా?”

కొండమీద సంగతి చెప్పాను.

“దానికి ముందర ఏం చేసినావు బండికి?”

“ఏమీ చేయలేదు.”

“మీ నాయన పుస్తకం ఉండాల్నే. తీసుకురా.”

ఆ పుస్తకం గురించి చెప్పాలి. మా నాన్నగారు బండి పనిముట్ల పెట్టెలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకునేవారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు. నూనె మార్చిన ప్రతిసారీ ఏ నూనె, ఎంత, ఇంజనుకా, గేరుపెట్టెకా, చైను పెట్టెకా. ఒకటి నిండితే ఇంకొకటి. ఆయన పోయాక నేను ఒక్క పద్దూ రాయలేదు. మేస్త్రీ చివరి పుస్తకం చివరి పుట తెరిచి, చైను పెట్టె నూనె పద్దు మీద వేలు పెట్టారు. “దీని తర్వాత పోసిందెవరు?” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. కొండకు పోవడానికి నాలుగు రోజుల ముందు చైను పెట్టెలో నూనె మార్చింది నేనే. కారుకు కొన్న ఖరీదైన నూనె డబ్బాలో అర లీటరుకు దగ్గరగా మిగిలిపోయింది. పారబోయడం ఎందుకని, చైను పెట్టె నూనె తీసేసి దాన్ని పోశాను. ‘ఏమీ చేయలేదు’ అన్నప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. మంచి నూనె పోయడం ఒక ‘చేయడం’ అని నా బుర్ర లెక్కలోకే తీసుకోలేదు. డబ్బా తెచ్చి చూపించాను. 5 డబ్ల్యూ 30 రకం. వెనకవైపు గుండ్రటి ముద్రలో, ఇంధనం ఆదా చేసే నూనె అని రాసి ఉంది. ఆయన దాన్ని చదవలేదు. మూతకు అంటిన బొట్టును బొటనవేలూ చూపుడువేలూ మధ్య రుద్ది, “ఇది కారుకు మంచిది. దీనికి చెడ్డది” అని కింద పెట్టేశారు.

ఆయన వేళ్ళు చెప్పిన సంగతికి కాగితం మీద ఉన్న చరిత్ర నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాయి. ధరలు మండిపోయాయి. అమెరికా 1975లో ఒక చట్టం చేసి, కార్ల కంపెనీలు తాము అమ్మే కార్ల సగటు మైలేజీని పెంచి తీరాలని శాసించింది. 1978లో గాలనుకు 18 మైళ్ళు, 1985కల్లా 27.5. కంపెనీలు కార్ల బరువు తగ్గించాయి, ఇంజన్లు చిన్నవి చేశాయి, చివరికి నూనె వైపు చూశాయి. లోపలి భాగాల రాపిడి కొంత తగ్గినా కొంత ఇంధనం మిగులుతుంది కదా. అలా నూనెలు పలచబడ్డాయి. వాటిలో రాపిడి తగ్గించే మందులు చేరాయి. మాలిబ్డినం సమ్మేళనాలు కొన్ని, కొవ్వు ఆమ్లాల నుంచి చేసినవి కొన్ని. వీటి అణువులు ఒక కొనతో లోహానికి అంటుకుని, రెండో కొనతో పచ్చిక పరిచినట్టు నిలబడతాయి. రెండు ఇనుప ముఖాలు ఎదురైనప్పుడు ఆ పచ్చికల మీద జారిపోతాయి.

కారుకు ఇది వరమే, ఎందుకంటే మామూలు గేర్ల కారులో క్లచ్చు నూనెకు దూరంగా పొడిగా ఉంటుంది. మోటారు సైకిలు క్లచ్చు నూనెలో మునిగి బతుకుతుంది. దాని బతుకుదెరువే రాపిడి. రాపిడిని చంపే మందును దాని ఇంట్లోనే పోస్తే ఏమవుతుంది? జపానులో మోటారు సైకిళ్ళ తయారీదారులకు ఈ చిక్కు ఎదురైంది. 1998లో అక్కడి ప్రమాణాల సంస్థ జాసో, నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ళ నూనెలకు టీ 903 అనే ప్రమాణాన్ని తెచ్చింది. క్లచ్చు పట్టును పరీక్షించి, రాపిడి ఎక్కువగా ఉంచే నూనెను ఎంఏ అనీ, తక్కువగా ఉంచేదాన్ని ఎంబీ అనీ వర్గీకరించింది. నూనెలో మునిగిన క్లచ్చులకు కావలసింది ఎంఏ. ఇవాళ మోటారు సైకిలు నూనె డబ్బాల మీద కనిపించే ఆ రెండక్షరాల వెనక ఉన్న కథ ఇది.

ఇప్పుడు నా బండి కథలో ప్రతి ముక్కా తన చోట కూర్చుంది. పాత రేకులు నిగనిగలాడింది అరిగి కాదు, జారి జారి కాలి. కొత్త రేకులు పది కిలోమీటర్లు పట్టుకున్నది పొడిగా బిగించినందువల్ల. నూనె లోపలికి ఇంకాక అవీ జారాయి. ఆ పది కిలోమీటర్లు రేకులు అసలువేనని చెప్పే సాక్ష్యం. నేను దాన్ని నకిలీవనడానికి సాక్ష్యంగా వాడుకున్నాను. సాక్ష్యం మారలేదు; దాన్ని చదివిన మనిషి ముందే తీర్పు రాసుకున్నాడు.

బాగుచేత సులువుగానే జరిగింది. ఆ నూనె తీసేసి, పెట్టె లోపలంతా పెట్రోలుతో కడిగారు మేస్త్రీ. రేకులు విడివిడిగా పెట్రోల్లో నానబెట్టి, తుడిచి, ఎండలో ఆరబెట్టారు. ఇనుప రేకులను గరుకు కాగితంతో వలయాలుగా రుద్దారు. అద్దం మీద పరిచి వంకర లేదని చూశారు. నాన్నగారి పద్దులో ఉన్న లాంటి సాదా నూనె పోశారు. జేబులోంచి ఒక కొత్త స్ప్రింగు తీసి పాతదాని పక్కన నిలబెట్టారు. పాతది స్పష్టంగా కురచ. “ఇవీ ముసలివైనాయి. మంచి నూనెలో ఇంకో రెండేళ్ళు లాగేటివి. చెడ్డ నూనె పడేసరికి చేతులెత్తేసినాయి” అని అన్నీ మార్చేశారు.

అయితే అసలు కారణం ఏమిటి? నూనెనా, స్ప్రింగులా, అర లీటరు పారబోయలేని నా పొదుపా, లేక 1973 చమురు సంక్షోభమా? చరిత్రకారుడు ఇ. హెచ్. కార్ 1961లో ప్రచురించిన ‘వాట్ ఈజ్ హిస్టరీ?’లో ఇలాంటి చిక్కుముడే ఒకటి చెబుతాడు. విందులో తాగి వస్తున్న ఒకతను, బ్రేకులు సరిలేని కారులో, ఎదురు కనబడని మలుపులో, సిగరెట్లు కొనడానికి రోడ్డు దాటుతున్న మనిషిని గుద్ది చంపుతాడు. తాగుడు కారణమా, బ్రేకులా, మలుపా? సిగరెట్లు కారణమని కూడా వాదించవచ్చు. అతనికి ఆ అలవాటు లేకుంటే రోడ్డు దాటేవాడే కాదు. కార్ ఇచ్చే సమాధానం ఇది: ఇంకో సందర్భంలో మనకు పనికివచ్చే కారణమే కారణం. తాగుడు మానిపిస్తే, బ్రేకులు బాగుచేస్తే, మలుపు సరిచేస్తే ప్రమాదాలు తగ్గుతాయి. సిగరెట్లు మానిపిస్తే రోడ్డు ప్రమాదాలు తగ్గవు.

ఆ గీటురాయి మీద చూస్తే ఇక్కడ పనికివచ్చే కారణాలు రెండు. ఒకటి యంత్రానికి సంబంధించింది. 1949 నాటి ఆలోచనకు, ఇంధన ఆదా చట్టాల తర్వాతి కాలపు నూనె పడలేదు. బండిలో దోషం లేదు, నూనెలో దోషం లేదు; రెండు కాలాలను నేను ఒకే పెట్టెలో పోశాను. పాత యంత్రాలున్న మిత్రులు డబ్బా మీది ధర కంటే ముందు అక్షరాలు చదవాలి. 2008 తర్వాత వచ్చిన యూనిట్ కన్‌స్ట్రక్షన్ బుల్లెట్లలో ఇంజనుకూ గేర్లకూ క్లచ్చుకూ ఒకే నూనె కనుక అక్కడ ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

రెండోది నాకు సంబంధించింది. నేను అడిగిన ప్రశ్న “ఏది చెడింది?” అని. మేస్త్రీ అడిగింది “ఎప్పట్నుంచి?” అని. నా ప్రశ్నకు జవాబుగా ఎప్పుడూ ఒక వస్తువో, ఒక మనిషో దొరుకుతుంది. దొరికినదాన్ని నేరస్థుణ్ణి చేయడం తేలిక. ఆయన ప్రశ్నకు జవాబు కావాలంటే తేదీలు వెతకాలి, ముందూ వెనకా చూసుకోవాలి. ఆ వెతుకులాటలో అడిగినవాడి చేతులు కూడా బయటపడతాయి. వైద్యులైనా చరిత్రకారులైనా మొదట ఈ ప్రశ్నే వేస్తారని చదివి ఉన్నాను. చదివినది పనికిరాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు రాసిపెట్టే పుస్తకాన్ని నేనే ఆపేశాను.

పని అయ్యాక రేకుల డబ్బు ఆయన చేతిలో పెట్టి, ఆ రోజు నలుగురి ముందూ అన్న మాటకు క్షమించమన్నాను. ఆయన డబ్బు జేబులో పెట్టుకుని, “నలుగురి ముందర అన్నావు, ఇప్పుడు ఒక్కడి దగ్గర చెప్తాండావు” అన్నారు. అందులో కోపం లేదు, లెక్క ఉంది. మర్నాడు ఆయన కొట్టుకు పోయి, గిరాకీలు ఉన్న వేళ చూసి, మళ్ళీ చెప్పాను. ఆయన తలెత్తలేదు గాని, కుర్రవాణ్ణి పిలిచి రెండు టీలు తెమ్మన్నారు.

ఆ సాయంత్రం నాన్నగారి పుస్తకం తీశాను. ఆయన చివరి పద్దు కింద గీత కొట్టి, తేదీ వేసి, చైను పెట్టె నూనె, కొత్త రేకులు, కొత్త స్ప్రింగులు అని రాశాను. దానికి పైన, మధ్యలో వదిలేసిన ఖాళీలో, గుర్తున్న తేదీతో ఇంకో పద్దు కూడా రాశాను: కారు నూనె పోసింది – నేను.